నీళ్ళతొట్టి దగ్గర ఆగిన మనిషి

వ్యోమింగ్ గడ్డిమైదానంలో ఒంటరి ఇల్లు. మిట్టమధ్యాహ్నం. ఒకప్పుడు షెరీఫుగా చేసి, ఇప్పుడు ఆవులు మేపుకుంటున్న ఆమోస్, అతని భార్య లవీనా.

"కిటికీ దగ్గర్నుంచి ఇవతలికి రా, లవీనా."

"ఎవరో దారినపోయేవాడు. గుర్రానికి నీళ్ళు పెడుతున్నాడు, అంతేగా."

"గుర్రం ఎప్పుడో తాగేసింది. గంట నుంచీ అక్కడే నిలబడి మనింటికేసే చూస్తున్నాడు. రా ఇవతలికి."

"ఇంతదానికి తుపాకీ తీశావేంటి? ఒకప్పుడు ఎవడైనా నీకు తుపాకీ గురిపెట్టినా నవ్వేవాడివి."

"అప్పుడు వేరు."

"ఏం వేరు? ఎవరతను?"

"తెలీదు."

"తెలీనివాడి కోసం తూటాలు నింపుతున్నావా?"

"వేన్ రస్క్. డెల్ వాళ్ళన్న. ఎడం భుజం దించి నడుస్తాడు, డెల్ కూడా అంతే."

"డెల్ అంటే... గుర్రం దొంగ అని నువ్వు జైల్లో పెడితే ఊరు ఊరంతా వచ్చి లాక్కెళ్ళి ఉరేశారు, ఆ అబ్బాయా?"

"వాడు దొంగ కూడా కాదు. వారం తర్వాత ఆ గుర్రం వాగు పక్కన మేస్తూ కనపడింది."

"మరి వాళ్ళన్నకి నీమీద కోపమెందుకు? ముప్పైమందికి నువ్వొక్కడివే అడ్డం నిలబడ్డావు కదా."

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"ఎప్పుడడిగినా ఇదే మాట. ఆ నెలలోనే షెరీఫు బిళ్ళ విప్పి మేయరు బల్లమీద పడేశావు. నాలుగు ఆవుల్ని తోలుకుని, మనిషి మొహం కనపడని ఈ చోటికి తెచ్చావు నన్ను. ఎందుకని నేనడిగానా?"

"వెనక తలుపు గడియ వేశావా?"

"వేశాను. రెండుసార్లు చూసుకున్నాను. ఉండు, నేనెళ్ళి కనుక్కుంటా."

"వద్దు."

"ఆడదాన్ని కాల్చడులే."

"వద్దంటున్నానా. లవీనా..."

ఆమె వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది.

"ఆ తుపాకీ దించు. అతని దగ్గరేం లేదు, కోటు విప్పి మరీ చూపించాడు."

"ఏమంటాడు?"

"తలుపు తట్టడానికి మొహమాటపడి నిలబడిపోయాట్ట. పోయిన నెల వాళ్ళమ్మ చచ్చిపోయిందట. ఊళ్ళో మనకంటూ నిలబడింది ఆ షెరీఫొక్కడేరా, ఎక్కడున్నా వెతికి, నా మాటగా ఆయన చెయ్యి పట్టుకుని, ఆ మేలు మరవలేదని చెప్పి రా అంటూ పోయిందట. పదకొండు రోజులు గుర్రం మీద వచ్చాడయ్యా."

"పంపించెయ్."

"అదేం మాట? రొట్టే చిక్కుడుగింజల కూరా తినిపోదువుగాని రమ్మన్నాను. మెట్ల దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. లే, వెళ్ళి పలకరించు."

"నా వల్ల కాదు."

"ఇంకా భయమేంటి? చంపడానికి రాలేదని చెప్తున్నానుగా."

"చంపడానికే వచ్చుంటే బాగుండేది. ఆ రోజు జైలు తలుపు ఎవరూ పగలగొట్టలేదు, లవీనా. 'మీ అమ్మ దగ్గరికి పంపిస్తున్నా రారా' అని డెల్‌తో చెప్పి, నేనే తాళం తీసి, వాణ్ణి ఆ ముప్పైమంది చేతుల్లో పెట్టాను."