టికియాపారా గల్లీ అంకె

బెంగాల్‌లో, సాల్ట్ లేక్‌లోని ఒక సర్వే ఆఫీసులో భోజనాలయ్యాక ఇద్దరు తెలుగువాళ్లు కొత్త నివేదిక సరిచూస్తున్నారు.

“టికియాపారాలో ఈ తెలుగు గల్లీ లెక్క తప్పమ్మా. పోయిన సర్వేలో పిల్లల్లో సగంమంది పదో తరగతి పాసవకుండానే బడి మానేశారు. ఇప్పుడు పదిమందిలో ఒక్కరేనా? తీసేద్దాం.”

“నేనూ తప్పే అనుకున్నా సార్. అందుకే మళ్లీ వెళ్లి అడిగొచ్చాను. లెక్క సరైనదే.”

“మరి అక్కడ ఏం మారింది?”

“జ్యోతిరాణి అని ఒకమ్మాయి సార్, కార్పొరేషన్‌లో వీధులూడ్చే ఆవిడ కూతురు. బడిలో పాఠాలు బెంగాలీలో, ఇంట్లో మాటలు తెలుగులో. అర్థంకాకే పిల్లలు మానేసేవాళ్లు. ఈమె రోజూ సాయంత్రం ఆ పాఠాలే తెలుగులో చెబుతోంది.”

“టీచరా?”

“కాదు. తనూ పది తప్పి మానేసిందే. మన లెక్కలో చదువు ఆపేసినవాళ్లలోనే ఉంది.”

“అయ్యో, అంత పని చేసే పిల్లని అందులో వేశామా?”

“వేరేగా రాయనా అని అడిగాను. ‘అబద్ధమెందుకమ్మా? నాను పాసవనేదనే రాయి. మా పిల్లలు పాసయ్యారు, అదీ రాయి’ అంది.”

ఆయన ఆ అంకె కొట్టేయడానికి తీసిన పెన్నుకి మూత పెట్టేశారు.

“అంకె ఉంచు. ఆమె ఒప్పుకుంటే దాని కింద ఈ మాట కూడా వెయ్యి.”

“‘నాను’ని ‘నేను’ అని దిద్దమంటారా సార్?”

“ఒక్క అక్షరం కూడా దిద్దకు.”