ఆనందమ్మ పదహారు గంటల ఉపాసం

కోరుట్లల మా గల్లీ ఆడోళ్లు బీడీలు చేసేది జమాలున్నీసా ఇంటి అరుగు మీదనే. ఒళ్లె చాట, చేతుల కత్తెర, చెవుల ఆనందమ్మ ముచ్చట. గా దినం గూడ ఆమెనే అందుకున్నది.

"శ్రమదినాలల్ల చర్చిల అందరం ఉపాసముంటం గదా. నలభై దినాలైనంక అందరు ఇడిసిపెట్టిన్రు, నేను ఇడువలే. ఫోన్ల డాక్టరమ్మ చెప్పింది సూసి, దినాం పదహారు గంటలు మంచినీళ్లు తప్ప ఏం ముట్ట. నాకు యాభై మూడేండ్లు. నెల ఆగిన కాణ్నుంచి ఒళ్లంత సెగలు, నిద్ర లేదు, మోకాళ్లు ఒకటే గుంజుడు. మూడంటె మూడు దినాలకు సెగలు బంద్!"

"మేం రంజాన్ల ముప్పై రోజాలుంటం, నా సెగలు నాకే ఉన్నయి" అన్నది జమాలున్నీసా.

"పొద్దుగూకినంక మిర్చిబజ్జీలు తింటె ఎట్ల పోతయే? నడుమల రాకు. ఒళ్లు ఎంత సల్లవడ్డదంటె, మొన్న ఎండలల్ల మా ఇంటాయన యెషయా కూలర్ బంద్ జేసి నా పక్కకు కుర్సీ ఏసుకున్నడు. పక్కింటోళ్లు పాలు ఇరుగకుండ గిన్నె తెచ్చి నా ఒళ్లె పెట్టిన్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? బరువు తగ్గవట్టింది. జమ్మికుంట మార్కెట్ల మా తమ్ముడు డేవిడ్ నన్ను పత్తి కాంటా మీద నిలవెట్టిండు. ముల్లు కదిలితె గదా! సేటు పరేషానై నా చేతుల ఒక పత్తి బస్త పెట్టిండు. గప్పుడు గూడ కదలలే, బస్త గూడ నాతోటి తేలికైంది!"

"యా అల్లా!"

"గాలికి కొట్టుకపోతనని డేవిడ్ నా కొంగు ట్రాలీకి కట్టిండు."

అందరం నవ్వినం. అరుగు చివరకు కూసున్న చంద్రవ్వ ఒక్కతే నవ్వలే. ఆమెకు యాభై రెండేండ్లు. రెండు నెలల సంది ఆనందమ్మను సూసి తను గూడ ఉపాసాలు వట్టింది. మొకం పాలిపోయి, ఒక్క బీడీ చుట్టెకాడ రెండుసార్లు ఆగుతున్నది.

"నిజంగనేనా అక్కా? ఒట్టెయ్యి."

"మేం ఒట్లు ఎయ్యమే, బైబిల్ వాక్యంల వద్దని ఉన్నది" అని ఆనందమ్మ చెయ్యి అడ్డంగ ఊపింది. "ఇగ మోకాళ్ల సంగతి ఇను. జైనూర్ల పెండ్లికి పోతుంటె గుట్ట మీద బస్సు ఆగింది. మొగోళ్లంత దిగి సూసుకుంట నిలవడ్డరు. నేను ఒక్క చేతితోటి నూకితె గుట్టెక్కింది, ఇంకో చేతిల సద్ది డబ్బ అట్లనే ఉన్నది. ఎక్సరే తీసినాయన పరేషాన్! 'అమ్మా, గివి బొక్కలా, ఇనుప కడ్డీలా?' అన్నడు. తెల్లెంటికలు నల్లగైనయి. ఒకనాడు యెషయా తలుపు తీసి, 'ఎవల బిడ్డవమ్మా, మా ఇంటామె చర్చికి పోయింది' అన్నడు!"

"తోబా తోబా!" జమాలున్నీసా చెంపలేసుకున్నది.

ఆనందమ్మ అటిటు సూసి గొంతు తగ్గిచ్చింది. "అసలుది చెప్తున్న. నాలుగేండ్ల కింద ఆగిన నెల, పోయిన నెలల మల్ల వచ్చింది."

కత్తెర్లన్నీ ఆగినయి. అవ్వో అని నోటి మీద చెయ్యేసుకున్నం.

చంద్రవ్వ మొకం మాత్రం కళకళలాడింది. "అయితె మంచిదేనా అక్కా గది?"

"మంచిదా? వయసు ఎనుకకు తిరిగినట్టే!"

"హమ్మయ్య. నాకు గూడ వచ్చిందక్కా. ఏడాదిన్నర కింద ఆగింది, ఇప్పుడు ఇరవై దినాల సంది పోతనే ఉన్నది. కండ్లు తిరుగుతున్నయి. కోడలు మమత దవాఖానకు పోదామని మొత్తుకుంటె, ఆనందక్క తీర్గ పానం మంచిగైతుందే, ఫికర్ జెయ్యకు అన్న."

జమాలున్నీసా చాట కింద పెట్టింది. "ఏందే చంద్రవ్వా! ఆగి ఏడాది దాటినంక ఒక్క చుక్క కనవడ్డా డాక్టర్‌కు సూపియ్యాలెనని ఆశ వర్కరమ్మ చెప్పలేదా? ఇరవై దినాలా?"

ఆనందమ్మ చేతుల తునికాకు జారి పడ్డది. లేసొచ్చి చంద్రవ్వ నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"నీ మీద ఒట్టు బిడ్డా, గదంత ఉత్త కోతలే. నాకు ఏం రాలే. సెగలు గట్లనే ఉన్నయి, మోకాళ్లు గట్లనే ఉన్నయి."

"ఉపాసం?" అన్నది చంద్రవ్వ.

"పొద్దుగాల చాయ్‌ల నాలుగు రస్కులు ముంచుకొని తింటనే ఉన్న."

చంద్రవ్వ ఆమె కొంగు వట్టుకున్నది.

"మరి నాకెందుకు వచ్చిందక్కా?"

ఆనందమ్మ చంద్రవ్వ రెక్క వట్టి మెల్లగ లేపి, ఆటో పిలువుమని జమాలున్నీసాకు సైగ జేసింది.