ఏడో మంచం మీద మార్చిన దుప్పటి

వార్డులో అందరూ నన్ను పెద్దమ్మ అంటారు. అసలు పేరు మీ కాగితంలో పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పను. వయసు యాభై మూడు, ఒకటి అటూ ఇటూ. ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో పదకొండేళ్లుగా ఆయా పని చేస్తున్నాను. మంగళవారం జరిగిన గొడవ గురించి అడిగారు. గుర్తున్నంత వరకూ చెబుతాను. టైములు వార్డు గోడ గడియారం ప్రకారం. వరుస తప్పితే ఆపి అడగండి, ఆ రోజు నుంచి నా బుర్ర నా మాట వినడం లేదు.

పొద్దున పది నలభైకి గుండెల్లో నొప్పి అని ఒక పెద్దాయనను తీసుకొచ్చారు. వెంట ఉన్నది కొడుకు ఒక్కడే. ఇళ్లకు రంగులు వేసే మనిషి. పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, చెవి మీద కూడా తెల్లరంగు ఉంది. ఆ చెవి నాకు బాగా గుర్తుంది, ఎందుకో తెలియదు. పెద్దాయనను ఏడో మంచం మీద పడుకోబెట్టాం. డ్యూటీ నర్సును మేం పొట్టి సిస్టర్ అంటాం, ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఆవిడ కత్తెరతో చొక్కా కోసి, ఛాతీకి వైర్లు అంటించి, రక్తం తీసి ఆ సీసా కొడుకు చేతికిచ్చింది. "బాబూ, ఇది పరుగున ల్యాబులో ఇచ్చిరా. నాన్నగారిని మేం చూసుకుంటాం" అంది. అతను నిజంగానే పరుగెత్తాడు.

పదకొండు ఐదుకు మానిటర్ మోగింది. డాక్టరు, సిస్టర్ కలిసి పెద్దాయనను స్ట్రెచర్ మీదికి మార్చి లోపలి గదిలోకి తోసుకెళ్లి తలుపు మూశారు. మంచం ఖాళీ అయితే వెంటనే తుడిచి దుప్పటి మార్చాలి, అది నా పని. తుడిచాను, మార్చాను. బయట ఇంకా ముగ్గురు మంచం కోసం ఎదురుచూస్తున్నారు. తర్వాత కోసిన చొక్కా, కళ్లజోడు, చెప్పులు ఒక సంచిలో వేసి ముడి వేశాను. నిరుడు ఎవరిదో చేతి గడియారం పోతే నన్నే నిలబెట్టి అడిగారు. అప్పటి నుంచి ఎవరి సామాను వాళ్ల మనుషుల చేతిలో పెట్టేదాకా నాకు మనసు నిలవదు.

పదకొండుంబావుకు కొడుకు తిరిగొచ్చాడు. మంచం చూశాడు. దుప్పటి ఒక్క ముడత లేకుండా ఉంది. నేను సంచి అతని చేతిలో పెట్టాను.

"మా నాన్నేడమ్మా?"

"సిస్టరొచ్చి చెబుతుంది బాబూ, కాస్త ఆగు."

పేషెంటు ఎలా ఉన్నాడన్నది ఆయాలు చెప్పకూడదు. అది రూలు. లోపల ఉన్నాడని చెప్పడం కూడా రూలు తప్పడమేనా అంటే, నాకు తెలియదయ్యా. ఇప్పుడు మీరు అడుగుతుంటే కాదనిపిస్తోంది. అతను ముడి విప్పి కళ్లజోడు బయటికి తీశాడు.

"పోయాడా?" అన్నాడు.

ఇక్కడే నాకు అయోమయం. నడవాలో అడుగు పెడితే చాలు, పదిమంది అడుగుతారు. డాక్టరెక్కడ, బాత్రూమెటు, మా వంతెప్పుడు. అందరి దగ్గరా ఆగితే పని తెమలదు. అందుకే మేం ఆయాలమంతా విన్నా వినకపోయినా తల ఊపేసి వెళ్లిపోతాం. "ఇల్లు అమ్మేద్దామా అత్తయ్యా అన్నా ఊపేస్తావు" అని మా కోడలు ఎగతాళి చేస్తుంది. తొమ్మిదో మంచం ఆవిడ కూడా నన్ను పిలిచింది, బెడ్‌పాన్ కావాలని. ఆవిడకు ఊపానేమో. అతనికి ఊపానేమో. అసలు ఊపానో లేదో.

పదకొండు ఇరవైకి లోపలి తలుపు తెరుచుకుని పొట్టి సిస్టర్ వచ్చింది. నవ్వుతోంది. పెద్దాయన కళ్లు తెరిచాడు కాబట్టి నవ్వుతోంది. అది నాకు అర్థమైంది, అతనికి ఎలా అర్థమవుతుంది? "మా నాన్నను చంపి నవ్వుతున్నావా!" అంటూ సెలైన్ స్టాండు ఎత్తాడు. ఒక్కటే దెబ్బ. రెండని ఎవరైనా చెబితే అబద్ధం. ఎడమ కంటికి తగిలింది. ఆవిడ గోడ పట్టుకుని జారి కూర్చుంది. నేను వెళ్లి పట్టుకున్నాను. "పెద్దమ్మా, వాళ్ల నాన్న పిలుస్తున్నాడని చెప్పు" అంది. రక్తం కారుతుంటే ఆ మాటే అంది. ఈలోగా లోపలి నుంచి "చిన్నోడా, ఎందుకురా అరుస్తున్నావు?" అని పెద్దాయన గొంతు వినిపించింది. కొడుకు స్టాండు వదిలేసి నా వైపు చూశాడు. సిస్టర్ వైపు కాదు, నా వైపు.

ఆవిడ కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పితే గాని చూపు సంగతి చెప్పలేమంటున్నారు. నిన్న మా సూపర్‌వైజర్ పిలిచి, "నువ్వు దుప్పటి మార్చావు, అంతవరకే చెప్పు. ఉద్యోగం ఉంచుకోవాలని లేదా?" అన్నాడు. ఎవరూ ఏమీ అనకుండానే అతను కొట్టాడని ఆసుపత్రి వాళ్లు మీ పోలీస్ స్టేషన్‌లో రాసిచ్చారట. కొట్టడం తప్పే. అతని మీద నాకు ఒళ్లు మండిపోయేంత కోపం ఉంది. కానీ ఆ కోపం తిరిగి తిరిగి నా మీదికే వస్తోంది. నాలుగు రోజులుగా ఒకటే ఆలోచన. తొమ్మిదో మంచం ఆవిడ పిలిచింది నేను సంచికి ముడి వేస్తున్నప్పుడు. అతను అడిగినప్పుడు నన్ను ఇంకెవరూ పిలవలేదు.

నాకు చదువు రాదు కాబట్టి రాసింది మీరే చదివి వినిపించారు. తల "ఊపి ఉండవచ్చు" అని రాశారు. అది కొట్టేసి "ఊపాను" అని రాయమన్నాను. ఉద్యోగం సంగతి ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. ఆలోచించుకున్నాను. నా ఎదుటే దిద్దారు. ఇందులో ఉన్నది నేను చూసింది, చేసింది. ఎవరి బలవంతమూ లేదు.

(ఎడమ చేతి బొటనవేలి ముద్ర. దిద్దిన మాట పక్కన ఇంకొక ముద్ర.)