ఖాళీ గడి

హెచ్.ఐ.వి.కి కొత్త మాత్రను పరీక్షిస్తున్న ఆసుపత్రిలో రక్తం తీసే గది. బల్లకు ఇటు సిస్టరు, అటు వ్యాను డ్రైవరు.

"లేదంటే లేదు సిస్టరమ్మా. రోజూ అన్నం తినగానే వేసుకుంటున్నా. సీసా తెచ్చాగా, లెక్కపెట్టుకోండి."

"పెట్టాను. ఆరు నెలలుగా ఒక్క మాత్ర తేడా రాలేదు. ఇంత బుద్ధిమంతుణ్ణి నా సర్వీసులో చూళ్ళేదు."

"మరింకేం?"

"సీసాలోంచి పోతున్నాయి, నీ రక్తంలోకి రావట్లేదు. దారిలో ఎక్కడ దిగిపోతున్నాయయ్యా?"

"మిషను తప్పు చూపించిందేమో."

"ఆరో నెలకి తీసిన రక్తం రెండుసార్లు చూశాం. కొత్త మందు చుక్క లేదు. పాత మందు మాత్రం నిండుగా ఉంది. ఆ మాత్రలు నీకు ఆపేసి ఆరు నెలలైంది. ఎక్కడివి?"

"ఎక్కడో పాతవి మిగిలుంటే..."

"ఆరు నెలలకి సరిపడానా? ఇందాక గోడ పట్టుకుని నడిచొచ్చావు, చూశాను. వ్యాను తోలే మనిషివి..."

"తోలట్లేదు. మానేశా."

"ఎప్పుడు?"

"నాలుగు నెలలైంది. షెడ్డులో బళ్ళు కడుగుతున్నా. అక్కడ నాకు కళ్ళు తిరిగితే ఎవడూ చావడు కదా."

"పాత మాత్రతో కళ్ళు తిరుగుతున్నాయనే కదా నువ్విందులో చేరింది! ఆగు. ఆ పాతవి మీ ఆవిడవా?"

"దాన్ని లాగకండి."

"ఆవిడవి నువ్వేసుకుంటే, ఆవిడేం వేసుకుంటోంది?"

"నావి."

"అయ్యో, అయ్యో! ఎంత పని చేశావయ్యా!"

"ఏం చేయమంటారు? మొదటి రోజు ఇద్దరం కలిసే వచ్చాం. ఇదే బల్ల. నన్ను కూర్చోమని దాన్ని బయటికి పంపింది మీరే కదా?"

"నేను కాదు, రూలు పంపింది. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళని తీసుకోరు. కడుపొస్తే బిడ్డకేమవుతుందోనని."

"రోగం దాని వయసు అడిగిందా? అంటించిన నన్నేమో కూర్చోబెట్టారు. అసలిందులో ఆడవాళ్ళెంతమంది?"

"నూట ఇరవై మందిలో నలుగురు. నలుగురూ ఆపరేషన్ అయినవాళ్ళే."

"అదీ సంగతి. మా ఆవిడ టైలరు సిస్టరమ్మా. పాత మాత్రకి చూపు మసకేసి, రెండుసార్లు వేల్లోకి సూది దింపుకుంది. నిద్రపోతే పీడకలలు, కేకలు. మాత్ర మార్చండి బాబూ అంటే పెద్ద డాక్టరు 'అలవాటవుతుందిలేమ్మా' అన్నాడు. అలవాటు చేసుకోడానికి ఆయన వేలు కాదుగా. నేనే మార్చా. ఆ సీసాలోవి ఇందులో, ఇందులోవి అందులో పోశా."

"ఆవిడకి తెలుసా?"

"కంపెనీ మారిందన్నా. నమ్మింది. నేనేం చెప్పినా నమ్ముతుంది, అదే దాని ఖర్మ."

"రూలూ ఆవిడ్ని అడగలేదు, నువ్వూ అడగలేదు. బాగుంది ఇద్దరి వరసా. పెద్ద డాక్టరుకి చెప్పక తప్పదు. నిన్ను తీసేస్తారు."

"తీసెయ్యనీండి. దొరికిపోయినా సరేననే వచ్చా. లేకపోతే రాకుండానే ఉండేవాణ్ణి."

"మరెందుకొచ్చావు?"

"ఒక మాట అడుగుదామని. ఆ మాత్ర ఆడవాళ్ళు వేసుకుంటే... అంటే, మామూలుగా కాదు..."

"నన్నడిగితే? నలుగుర్ని చూసి ఏం చెప్తారయ్యా? మా కాగితాల్లో ఆ గడి ఖాళీ."

"అలా అనకండి. పైవాళ్ళకైనా తెలిసుంటుంది."

"పైనా తెలీదు, కిందా తెలీదు. చూస్తే కదా తెలిసేది! ఏం, ఆవిడకి ఒంట్లో బాలేదా?"

"బాగుంది. హాయిగా నిద్రపోతోంది. సూది జారట్లేదు. పొద్దున నన్ను పట్టుకుని ఏడ్చింది, సంతోషంతో."

"సంతోషమా? దేనికి?"

"పదేళ్ళ తర్వాత సిస్టరమ్మా. మూడో నెల. చెప్పండి, ఇవాళ మాత్ర వేసుకోమననా, మానేయమననా?"