కోచ్ గురించి వాకబు

బుధవారం సాయంత్రం. అమెరికాలోని అరోరాలో తెలుగు చర్చి ముందు ఆపిన కారులో దైవాశీర్వాదం. ఫోన్లో కూతురు జెనిఫర్. ఆమె వేరే రాష్ట్రంలో, ఒక కాలేజీ ఊళ్ళో ఫిజికల్ థెరపిస్టు.

"అది కాదు జెన్నీ. నువ్వు మంచి మాట ఒక్కటి చెప్పు చాలు. మీ అమ్మతో నేను మాట్లాడుకుంటాను."

"ఎవరి గురించి మంచి మాట?"

"ఇంకెవరి గురించి? కోచ్ గురించి. మీ తమ్ముడు షాలోమ్‌ని తీసుకుంటానన్నాడే, మీ ఊరి కాలేజీ ఫుట్‌బాల్ కోచ్. ఆయన గురించి."

"అమ్మకేమైంది?"

"ఏం కాలేదు. అన్నం తినట్లేదు."

"ఎప్పట్నించి?"

"పొద్దున్నించి. అది వదిలెయ్."

"నాన్నా, అమ్మ ఏమంటోంది?"

"నువ్వు ఆయన గురించి ఏమీ చెప్పట్లేదంటే ఏదో ఉందంటుంది. మొన్న ఆయన మనింటికొస్తే తనే కోడి పలావ్ చేసి కొసరి కొసరి వడ్డించింది. ఇప్పుడేమో ఇదీ వరస."

"ఇప్పుడు ఎక్కడున్నావు నువ్వు?"

"చర్చి దగ్గర. కార్లో."

"బుధవారం చర్చి ఏంటి?"

"కూడిక ఉందిలే. నువ్వు విను ముందు. ఆయన రికార్డు మొత్తం చూశాన్నేను. ఊరికే కాదు, ఇన్నేళ్ళ డేటా తీశాను. నా ఉద్యోగమే అది కదా."

"ఓకే. చెప్పు."

"మనవాడు ఆడే ఆఫెన్సివ్ లైన్ వాళ్ళ పనేంటి? బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు గోడలా నిలబడాలి. అవతలివాళ్ళు వచ్చి వాణ్ణి పడెయ్యకూడదు. అంతేనా? ఈయన రాకముందు ఆ కాలేజీలో మ్యాచ్‌కి నాలుగైదు సార్లు పడేసేవాళ్ళు. ఈయన వచ్చాక ఒకటిన్నర."

"ఒకటిన్నర సార్లు ఎలా పడతాడు నాన్నా?"

"యావరేజ్ అమ్మా. నవ్వకు."

"నవ్వట్లేదు."

"ప్రో లీగ్‌కి ఎంతమందిని పంపాడో తెలుసా మరి?"

"తెలుసు. వాళ్ళ ఫొటోలు స్టేడియం గోడ మీద పెద్దగా ఉంటాయి. రోజూ దాని పక్కనుంచే డ్రైవ్ చేస్తా."

"చూశావా."

"నీ ఇంటర్ కాలేజీ వాళ్ళు పేపర్లో ర్యాంకర్ల ఫొటోలు వేసేవాళ్ళని చెప్పేవాడివి కదా. ర్యాంక్ రానివాళ్ళ ఫొటోలు వేసేవాళ్ళా?"

"ర్యాంక్ రానివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. అందుకని కాలేజీలు మూసేస్తారా ఏంటి? సరే, అన్నిటికన్నా నాకు నచ్చింది చెప్తా విను. పోయిన సీజన్ మొత్తం, మొదటి మ్యాచ్ నించి చివరి మ్యాచ్ దాకా, అదే ఐదుగురు. ఒక్కడు కూడా ఒక్క మ్యాచ్ మానలేదు. వేరే కాలేజీలు చూడు, మోకాలనీ భుజమనీ ఎవడో ఒకడు బెంచీ మీద కూర్చునే ఉంటాడు. ఈయన దగ్గర ఒక్కడికీ దెబ్బ తగల్లేదు. పిల్లల్ని అంత జాగ్రత్తగా చూసుకుంటాడన్నమాట. హలో? జెన్నీ?"

"ఉన్నా."

"మాట్లాడవేం?"

"దెబ్బ తగల్లేదని ఎక్కడుంది నాన్నా?"

"అందరూ ఆడారు కదా."

"ఆడారు. అవును, ఆడారు. ఆడారని ఉంది. దెబ్బ తగల్లేదని లేదు."

"రెండూ ఒకటే కదమ్మా."

"అంతంత మనుషులు నాన్నా. రోజూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. సీజన్ అంతా ఒక్కళ్ళకి కూడా ఏం కాలేదా? నీకు డౌట్ రాలేదా?"

"దేవుడి కృప అనుకున్నాను. ఆయన కూడా విశ్వాసి. మన భోజనాల బల్ల దగ్గర తలొంచుకుని ఎంత చక్కగా ప్రార్థన చేశాడనుకున్నావు."

"విశ్వాసి అయితే... నాన్నా, ఒక అబ్బాయి ఉన్నాడు, షూ లేస్ కూడా కట్టుకో..."

"ఏ అబ్బాయి?"

"ఏం లేదు."

"షూ లేస్ ఏంటి?"

"ఏం లేదన్నా కదా."

"మీ క్లినిక్‌కి వస్తారా వాళ్ళు? ఆయన దగ్గర ఆడే పిల్లలు?"

"ఎవరొస్తారో నేను చెప్పకూడదు. నీకు తెలుసు అది."

"తెలుసనుకో. ఆసుపత్రుల డేటా చూసే మా కంపెనీలో కూడా ఏటా ట్రైనింగ్ ఇస్తారు, పేషెంట్ల సంగతి ఇంట్లో కూడా ఎత్తకూడదని. నీకు ఉద్యోగం వచ్చిన రోజు నేనే చెప్పాను, నోరు జారకు తల్లీ, లైసెన్స్ పోతుందని."

"చెప్పావు."

"పేర్లు వద్దులే. ఊరికే, మంచాయనా కాదా, ఆ ఒక్కటే చెప్పు."

"నాకు షాలోమ్ అక్కడికి వెళ్ళడం ఇష్టం లేదు."

"నీకు ఫుట్‌బాలే ఇష్టం లేదు. వాడు తొమ్మిదో క్లాసులో హెల్మెట్ పెట్టుకున్న రోజు నించి వద్దనే అంటున్నావు. నేనడిగేది ఆట గురించి కాదు, ఆయన గురించి."

"ఆయన గురించి మొన్న అడిగావు కదా. నేనేం అన్నాను?"

"పెద్దగా తెలీదన్నావు. ఇంకెవర్నైనా అడగమన్నావు."

"అదే అన్నా. ఇంకొకళ్ళెవరు అలా అన్నారో గుర్తుందా?"

"ఎవరు?"

"నా సంబంధం అప్పుడు. జెర్సీ సిటీ అబ్బాయి. దామోదర్ అంకుల్ వాళ్ళ ఆఫీసే అని నువ్వు వాకబు చేశావు. అంకుల్ ఏమన్నారు?"

"ఆ... నాకు పెద్దగా తెలీదండీ, ఇంకెవర్నైనా అడగండి అన్నాడు."

"నువ్వు ఫోన్ పెట్టేసి ఏం చేశావు?"

"సంబంధం వదిలేశాం."

"ఎందుకు? అంకుల్ చెడ్డగా ఒక్క మాట కూడా అనలేదు కదా."

"పక్క సీట్లో పనిచేసేవాడు తెలీదన్నాడంటే దానర్థం... అది వేరమ్మా. పెళ్ళి సంగతి వేరు."

"ఎలా వేరు?"

"మనవాళ్ళు అలా తిప్పి మాట్లాడతారు. నువ్వు ఇక్కడే పుట్టావు. ఇక్కడివాళ్ళు ఏదన్నా ఉంటే మొహం మీదే చెప్తారు కదా. నువ్వూ అంతే అనుకున్నాను."

"నేను నీ కూతుర్ని నాన్నా. నువ్వు ఎలా వింటావో అలాగే చెప్పాను."

"మీ అమ్మ కూడా అదే అంది. దామోదర్ మాటే ఇది అంది. నేను కసిరాను."

"సరే. పోనీలే. అందుకే ఇప్పుడు చెప్తున్నా. కాలేజీతో సంతకాలు ఎప్పుడు? వచ్చే వారమేనా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? ఆ వెనక చప్పట్లు ఏంటి?"

"లోపల. చర్చిలో."

"బుధవారం ఏం కూడిక నాన్నా అది?"

"కృతజ్ఞత కూడిక."

"దేనికి కృతజ్ఞత?"

"పొద్దున స్కూల్లో పెట్టేశామమ్మా సంతకం. నేనూ పెట్టాను, వాడూ పెట్టాడు. ఒక వారం ముందే పెట్టమన్నాడాయన. ఆలస్యమైతే సీటు ఇంకొకళ్ళకి పోతుందన్నాడు."

"నన్ను అడక్కుండానా?"

"అడిగాను కదా. అడిగితేనే కదా, నువ్వేమీ చెడ్డగా అనలేదని..."

"వెనక్కి తీసుకో. ఏదో ఒకటి చెప్పు."

"ఏం చెప్పాలి? మిగతా కాలేజీలకి పొద్దున్నే వద్దని ఫోన్లు చేసేశాం. వాడు ఆ కాలేజీ టోపీ పెట్టుకున్నాడు, తియ్యట్లేదు. పాస్టర్ గారు ముందు వరసలో నిలబెట్టి ప్రార్థన చేస్తున్నారు. సుమతి గారు కేక్ కూడా తెచ్చారు. మీ అమ్మ మాత్రం చివరి బెంచీలో కూర్చుని ఏడుస్తోంది. ఆనందబాష్పాలనుకుంటున్నారు అందరూ."

"అయితే విను. లైసెన్స్ పోతే పోయింది. చెప్పేస్తా. ఆ ఐదుగురిలో ఇద్దరు..."

"వద్దు."

"నాన్నా."

"వద్దు తల్లీ, చెప్పకు. ఇప్పుడు తెలిసి నేనేం చెయ్యను? రేపట్నించి వాణ్ణి చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. నీ ఉద్యోగమూ పోతుంది. ఏం చెయ్యగలను చెప్పు."

"నేను షాలోమ్‌తో మాట్లాడతా."

"ఏమని? నిన్ను ఏడిపించి పెట్టేస్తాడు ఫోను. అక్కకి భయం అంటాడు."

"వాడి మోకాళ్ళు నాన్నా. వాడికింకా పద్దెనిమిది కూడా నిండలేదు."

"తెలుసమ్మా. అందుకే కదా నా సంతకం కూడా కావాల్సొచ్చింది. ఏడవకు. జెన్నీ, ఏడవకమ్మా. నువ్వు దగ్గర్లోనే ఉంటావు కదా. వాణ్ణి చూసుకుంటావు కదా. ఆయనతో కూడా అదే అన్నాను. మా అమ్మాయి మీ ఊళ్ళోనే, ఫలానా క్లినిక్‌లోనే అని."

"కోచ్‌కి చెప్పావా? నేనెక్కడ పనిచేస్తానో?"

"ఆ రోజు పలావ్ తింటున్నప్పుడే చెప్పాను. చెంచా అలాగే పట్టుకుని నా వంక చూశాడు. ఎందుకో అనుకున్నాను. మళ్ళీ ఇవాళ పొద్దున, సంతకానికి ముందు వీడియో కాల్‌లో ఆయనే అడిగాడు."

"ఏమని?"

"మీ అమ్మాయి నా గురించి ఏమైనా చెప్పిందా అని. ఒక్క మాట కూడా చెప్పలేదండీ అన్నాను. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, అయితే సంతకం పెట్టండి అన్నాడమ్మా."