తప్పుల గదిలో నా బొమ్మ

వేదిక మీద అధ్యక్ష స్థానంలో కూర్చున్న మా చీఫ్ ఇంజనీరు గారికి, ముందు వరసలోని పెద్దలకు, ముప్పై నాలుగేళ్లుగా నా పక్క బల్లల దగ్గర కూర్చుని నా రబ్బర్లన్నీ ఎత్తుకుపోయిన డ్రాయింగు సెక్షను మిత్రులకు, నేనింకా నోరు తెరవకముందే "తొందరగా ముగించండి" అని కళ్లతోనే హెచ్చరిస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

నాకంటే ముందు ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ కూడబలుక్కున్నట్టు, ఈయన గీసిన గీతకు వంక పెట్టినవాడు లేడన్నారు. మీరంతా నా వెనకాల నన్ను "మిల్లీమీటరు" అంటారని నాకు తెలుసు. ఆ పేరు పెట్టినాయన ఇక్కడే ఉన్నారు, తల దించుకోనక్కర్లేదు, నాకది నచ్చింది, మా ఇంట్లో కూడా ఇప్పుడు అదే పిలుపు. కానీ పొగడ్త ఇంతదాకా వచ్చాక మీ దగ్గర దాచడం న్యాయం కాదు. నా తప్పు ఒకటి ఉంది. అలాంటిలాంటి తప్పు కాదు, ఫ్రేము కట్టి గోడకు తగిలించిన తప్పు!

దానికి ముందు ఇంకో సంగతి. సాయంత్రం ఐదున్నరకి నా ఉద్యోగం అయిపోతుంది. ఇప్పుడు నాలుగూ ముప్పావు. కొత్త గ్రంథాలయం ఫైలు మీద నా సంతకం ఒక్కటి మిగిలింది, దాని కోసం అధ్యక్షులవారు పొద్దుట్నుంచి మూడుసార్లు కబురు పంపారు. మూడో వరసలో కాంట్రాక్టరు గారు కూర్చున్నారు, ఆయన నా వీడ్కోలుకు వచ్చారని మీరు అనుకోవచ్చు, నేను అనుకోవడం లేదు. (నవ్వులు) సోమవారం పునాదిలో కాంక్రీటు పోయాలి ఆయన. ఆ సంతకం నేను పెట్టలేదు. (హాల్లో కలకలం) మతిమరుపు కాదండీ. కావాలనే పెట్టలేదు. ఎందుకో చెబుతాను, విన్నాక మీరు తిట్టినా నాకు సంతోషమే.

మూడు నెలల కిందట మనకొక సర్క్యులర్ వచ్చింది గుర్తుందా? నగరంలో కొత్తగా ఒక కేంద్రం పెట్టారు, కట్టడాలు అందరికీ అందేలా ఎలా గీయాలో అక్కడ చూపిస్తారు, ప్రతి ఆఫీసు నుంచీ ఒకరు రావాలి అని. మన సెక్షనులో ఆ కాగితం బల్ల బల్లకూ తిరిగి తిరిగి చివరికి నా బల్ల మీద పడింది. ఇంకో మూడు నెలల్లో ఇంటికి పోయేవాడికి శిక్షణ ఏమిటయ్యా అంటే, "మిగతావాళ్లందరికీ పనుంది సార్" అన్నారు. (నవ్వులు) అన్నవారికి ఇవాళ చేతులెత్తి దండం పెడుతున్నాను. ముప్పై నాలుగేళ్లలో ఈ ఆఫీసు నాకు చేసిన పెద్ద మేలు అదే.

పాత బస్సు షెడ్డును బాగుచేసి కట్టిన పొడవాటి హాలు అది. లోపలికి అడుగు పెట్టానో లేదో, చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి చెవి మీద పెన్సిలు పెట్టుకుని దూసుకొచ్చింది. అక్కడి ఆర్కిటెక్టు. నా చేతిలోని సంచీ తీసుకుని ఇంకో చక్రాల కుర్చీ చూపించి, "కూర్చోండి సార్" అంది.

"నా కాళ్లు బాగానే ఉన్నాయమ్మా" అన్నాను.

"తెలుసండీ. అందుకే కూర్చోమంటున్నా."

కూర్చున్నాను. అబ్బ, ఆ తర్వాత మూడు గంటలు నేను నేలమీద లేనంటే నమ్మండి! వంటింటి గట్టును మీట నొక్కితే కిందికి దించుకోవచ్చు. కళ్లకు గంతలు కట్టుకుని కాలికింద గరుకు పలకలను పట్టుకుని నడిస్తే సరిగ్గా తలుపు దగ్గరికే చేరతాం. చెవులు వినపడనివాళ్లు ఎదురెదురుగా సైగలతో మాట్లాడుకుంటూ నడవాలంటే వరండా ఎంత వెడల్పుండాలో కొలిచి చూపించారు. వరండా వెడల్పు నేను కొన్ని వందలసార్లు రాసి ఉంటాను, దాంట్లో ఇద్దరు మనుషులు కబుర్లు చెప్పుకుంటూ పోతారని ఒక్కసారీ తట్టలేదు. నేను పసిపిల్లాడిలా "ఇదేంటి, అదేంటి" అని ఆ అమ్మాయి ప్రాణం తీశాను.

చివర్లో ఒక గది ఉంది. దాని పేరే తప్పుల గది. నిజంగా కట్టిన భవనాల్లోని తప్పులను అదే కొలతల్లో మళ్లీ కట్టి పెట్టారు. మనల్ని వాటిమీద ఎక్కిస్తారు. మొదటిది ఒక వాలుదారి. చూడగానే నా మనసు కుదుటపడింది, ఎందుకంటే వాలు పన్నెండడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు, రూలు ప్రకారం నిక్కచ్చిగా ఉంది. "ఇందులో తప్పేముందమ్మా?" అన్నాను ఆరిందాలా. "ఎక్కి తలుపు తీయండి" అంది. ఎక్కాను. పైదాకా వెళ్లి తలుపు పిడి పట్టుకున్నాను. తలుపు బయటికి, అంటే నామీదికి తెరుచుకుంటుంది. లాగాలంటే ఒక చెయ్యి చక్రం మీంచి తీయాలి. తీశాను. కుర్చీ వెనక్కి జారింది. జారి జారి, కింద గోడకు వాళ్లు ముందే కట్టి ఉంచిన పరుపుకు గుద్దుకుంది. ఇంకోసారి ఎక్కాను, ఇంకోసారి పరుపు. మూడోసారీ అంతే. తలుపు ముందు కుర్చీ నిలవడానికి నాలుగడుగుల చదును నేల లేదండీ! అంతా వాలే.

"ఏ మహానుభావుడు గీశాడమ్మా దీన్ని?" అని గట్టిగా నవ్వాను. ఆ అమ్మాయి గోడ మీది ఫ్రేము చూపించింది. అసలు డ్రాయింగు అది. ఆఫీసు పేరూ మనిషి పేరూ కనపడకుండా తెల్ల కాగితం అంటించారు. కానీ అంకెలు కనపడుతున్నాయి. ఏడంకెకు నడుములో అడ్డగీత పెట్టి, దాని చివర చిన్న కొక్కెం తిప్పేవాడు మన సెక్షనులో ఎవడో మీ అందరికీ తెలుసు. (నవ్వులు, చప్పట్లు) పంతొమ్మిదేళ్ల కిందట నేను గీసిన బొమ్మ! దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కుర్చీ దిగి ఇంటికొచ్చేశాను.

ఆ తప్పు ఎలా జరిగిందో బయటివాళ్లకు అర్థం కాదు, మనకు అర్థమవుతుంది. మనం ముందు గోడలు గీస్తాం, తర్వాత స్తంభాలు, తలుపులు, మెట్లు. ఉత్తరం బాణం వేస్తాం, కాగితం కింద గళ్లు నింపుతాం, టీ తాగుతాం. అప్పుడు ఎవరో "అయ్యో, ర్యాంపు!" అంటారు. ఇక మిగిలిన సందులో దాన్ని ఇరికిస్తాం. వాలు లెక్క సరిపోయిందా, సరిపోయింది, పెట్టు సంతకం. తనిఖీకి నాలుగు బల్లలు దాటినా ఎవరూ అడగరు, ఎందుకంటే నాలుగు బల్లల వాళ్లూ అలాగే గీస్తారు. ఇప్పుడు తలవంచుకున్నది మీరే కాదు, ముందు నేను వంచుకున్నాను.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. దర్జీ. నాకు తిన్నగా గీత గీయడం నేర్పింది కాలేజీ కాదు, గుడ్డ మీద సుద్దముక్కతో మా అక్క. ఐదేళ్ల కిందట వెన్నుపూస జబ్బు చేసి కాళ్లు పడిపోయాయి, అప్పట్నుంచి మా ఇంట్లోనే, చక్రాల కుర్చీలో. ఆ రోజు నా మొహం చూసి ఏమైందంది. చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను. పగలబడి నవ్వి, "నన్ను తీసుకెళ్లరా. నీ తప్పు నేనూ ఎక్కి చూస్తా" అంది.

ఆదివారం తీసుకెళ్లాను. నా వాలుదారి ఎక్కింది, పరుపుకు గుద్దుకుంది, కింద నుంచే, "ఒరేయ్ మిల్లీమీటరూ, గుడ్డ కత్తిరించే ముందు మనిషి కొలత తీసుకోమని చెప్పానా లేదా?" అని అరిచింది. గదిలో ఉన్న పదిమందీ నన్నే చూశారు. (నవ్వులు) ఇక దాచి లాభం లేదని ఆ ఆర్కిటెక్టు అమ్మాయితో చెప్పేశాను, ఆ బొమ్మ నాదే తల్లీ అని.

ఆ తర్వాత పక్క గదిలో స్నానాలగది నమూనా ఉంటే అక్క లోపలికి వెళ్లింది. ఐదు నిమిషాలైంది, పదైంది. నాకు కంగారు. తలుపు తట్టాను.

"అక్కా, ఏమైంది?"

"ఏం కాలేదు. ఉండు."

"మరి ఏం చేస్తున్నావు?"

"ఏమీ చేయట్లేదురా. గడియ పెట్టుకుని కూర్చున్నా. ఐదేళ్లయింది."

క్షమించాలి. నీళ్లు... (తాగి) ఆ, చాలు.

మా ఇంటి స్నానాలగదిలో అక్క కుర్చీ పడితే తలుపు పడదండీ. అందుకని తలుపు ఓరగా తెరిచి, నేనో మా ఆవిడో అటు తిరిగి నిలబడేవాళ్లం. ఐదేళ్లూ అదే సేవ అనుకున్నాను. ఊరందరి ఇళ్లకూ గీసినవాణ్ని, నా ఇంట్లో ఆ గది వెడల్పు చేసుకోవాలని తోచలేదు. ఇంట గెలవకుండా రచ్చ గెలిచాననుకున్న మొనగాణ్ని. మర్నాడే మేస్త్రీని పిలిచి గోడ కొట్టించాను. ఇప్పుడు మా అక్క గంటసేపు గడియ పెట్టుకుంటుంది, మిగతావాళ్లం బయట క్యూలో నిలబడతాం. మా ఆవిడను అడగండి! (నవ్వులు)

మేము తిరిగి వస్తుంటే ఆ ఆర్కిటెక్టు అమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. "ఇది నాదే అని చెప్పినవాళ్లలో మీరే మొదటివారు సార్. ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?" అని అడిగింది. "కట్టేసినవి చాలా ఉన్నాయమ్మా. కట్టనిది ఒకటుంది" అన్నాను. అదే మన గ్రంథాలయం.

దాని ముందువైపు మూడు మెట్లు, ర్యాంపేమో వెనకాల చెత్తకుండీ పక్కన. మెట్లెందుకంటే వాన నీళ్లు లోపలికి రాకూడదని నేలను నలభై ఐదు సెంటీమీటర్లు ఎత్తుగా గీశాను. పుస్తకం కోసం వచ్చినవాళ్లలో కొందరు ముందు నుంచి, కొందరు చెత్తకుండీ పక్కనుంచి! నాలుగు బల్లలు దాటింది ఆ బొమ్మ. మార్చాలంటే మళ్లీ నాలుగు బల్లలు. రిటైరయ్యేవాడు ఎందుకు తలనొప్పి తెచ్చుకోవడం, పెట్టేసి పోదామని నిన్నటిదాకా నాకూ అనిపించింది, అబద్ధమెందుకు.

కానీ ఒక్కసారి ఈ కొత్త బొమ్మ చూడండి. రాత్రిళ్లు కాదు, పట్టపగలు మీ కళ్ల ముందే రెండు నెలలు కూర్చుని గీశాను, మీరేమో ముసలాయన కాలక్షేపం చేస్తున్నాడనుకున్నారు. గేటు నుంచి గుమ్మం దాకా పద్దెనిమిది మీటర్లుంది. ఆ ముందు ఆవరణ మొత్తాన్నీ కొంచెం కొంచెంగా పైకి లేపితే గుమ్మం దగ్గరికొచ్చేసరికి నలభై ఐదు సెంటీమీటర్లు అదే వచ్చేస్తుంది! నలభైకి ఒకటి వాలు, కాలికి తెలియను కూడా తెలియదు. నీళ్లు రెండు పక్కల కాలవల్లోకి పోతాయి. తలుపు పక్కకి జరుగుతుంది, దాని ముందు చదును నేల ఉంటుంది. మెట్లు లేవు, ర్యాంపూ లేదు, అందరికీ ఒకే దారి. కాంట్రాక్టరు గారూ, పునాదికి తవ్విన మట్టిని లారీల్లో ఎక్కడికో తోలబోతున్నారు కదా? ఆ మట్టి అక్కడే సరిపోతుంది. లెక్క వేశాను, తట్ట మట్టి కూడా మిగలదు.

అధ్యక్షా, మీరు ఈ ఆఫీసులో చేరిన మొదటిరోజు స్కేలు తలకిందులుగా పట్టుకున్నారు. ఆ విషయం ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. (నవ్వులు) ఆ చనువుతో అడుగుతున్నాను. పాత బొమ్మ మీద మాత్రం నేను సంతకం పెట్టను. ఐదున్నర దాటాక నా సంతకానికి విలువ లేదు, అప్పుడు ఇంకెవరిచేతైనా పెట్టించుకోవచ్చు, నేనేమీ అనుకోను. కాదు, అనుకుంటాను. కొత్త బొమ్మ ఇదిగో. మీ ఇష్టం.

(అధ్యక్షులు లేచి కాగితం తీసుకుని బల్ల మీద పరిచి చూశారు. "ఏమంటారు కాంట్రాక్టరు గారూ?" అని అడిగారు. "లారీలు మిగుల్తాయంటే నాకేం బాధండీ? సోమవారం కాకపోతే గురువారం పోస్తా" అన్నారాయన. "ఆ నాలుగు బల్లలకూ నేను చెబుతా. ముందు మీరు పెట్టండి, మీ కింద నేను పెడతా" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు)

ఒక్క నిమిషం! పెన్ను... ఎవరి దగ్గరైనా పెన్నుందా? ముప్పై నాలుగేళ్లు గీసినవాడి జేబులో ఇవాళ చూస్తే రుమాలు తప్ప ఏమీ లేదు. ఆ, ఇటివ్వండి. (సంతకం చేశారు) అయిపోయింది. ఐదూ పది. ఇంకా ఇరవై నిమిషాల ఉద్యోగం ఉంది నాకు, ఇంకేమైనా ఉంటే తెండి! (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

అధ్యక్షులవారికి, నన్ను భరించిన మిత్రులకు, ఆ సర్క్యులర్‌ను నా నెత్తిన వేసిన పుణ్యాత్ములకు పేరుపేరునా కృతజ్ఞతలు. మా అక్క ఈ సభకు రాలేదు. రమ్మంటే, "మీ హాలుకు పన్నెండు మెట్లున్నాయిరా. నలుగురు కలిసి మోసే రోజు ఎలాగూ ఒకటొస్తుంది, దానికి ఇప్పట్నుంచే రిహార్సలెందుకు?" అంది. పొద్దున నేను బయల్దేరుతూ ఈ కొత్త బొమ్మ చూపించి, ఇది గనక ఒప్పుకుంటే గ్రంథాలయం తెరిచిన రోజు నిన్ను నేనే తోసుకెళ్తానక్కా అన్నాను. ఆవిడ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మెట్లు తీసేశావు కదా, ఇంక నువ్వెందుకురా? నేనే వెళ్తా" అంది.

నువ్వక్కర్లేదు అనిపించుకున్నందుకు నా జన్మలో ఇంత సంతోషపడింది లేదు. ఆ సంతోషంతోనే మీ దగ్గరా సెలవు.