మొక్కుబడి సినిమా

ఖోన్‌కేన్ ఊరి చివర, అందరూ తాతగారని పిలుచుకునే క్షేత్రపాలకుడి గుడి ముందు, పొద్దుగూకే వేళ తల్లీ కూతుళ్లు సినిమా తెరకు ఎదురుగా కుర్చీలు వేస్తున్నారు.

“నేను జడ్జి పరీక్ష పాసైతే కదమ్మా తాతగారికి సినిమా వేయిస్తానని మొక్కావు? తప్పానుగా!”

“తప్పితే వేయించనని మొక్కానా? లా చదివినదానివి, నువ్వే చెప్పు.”

“అలా అనలేదులే.”

“మరింకేం! అయ్యో, ముందు వరసలో కూర్చోకే, అది తాతగారిది. మనం వెనక.”

“ఊళ్ళోవాళ్ళు నవ్వుతారమ్మా.”

“నవ్వాలనే హాస్యం సినిమా తెప్పించా. ఫలితాలొచ్చాక నువ్వు గది దాటి రావడం ఇవాళే.”

“అంటే, మళ్ళీ పరీక్ష రాయమని తాతగారిచేత చెప్పించడానికా ఇదంతా?”

“నా మాటే వినవు, ఆయన మాట వింటావా? రాస్తావో మానేస్తావో నీ ఇష్టం.”

“మరి ఆయనకేం చెప్పుకున్నావు?”

“పిల్ల తప్పింది తాతగారూ, అయినా నా పిల్ల బంగారమే, మీరు సినిమా చూడండి అన్నాను.”

తెర మీద బొమ్మ పడింది. కాసేపటికి కూతురు గట్టిగా నవ్వింది.

“అమ్మా, మళ్ళీ రాస్తాలే.”

“ష్! ఆ సంగతి రేపు. తాతగారు సినిమా చూస్తున్నారు.”